చార్జి అప్పగించి వెళ్లిన గురువు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి పంపమని కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. "పెన్షన్ రూల్సు, డి.ఏ. బకాయిల సంగతి ఎలాగూ వేస్తాం. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా చదివేట్టు ఏదైనా రాయండి" అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పయ్యారేళ్లు ఇతరుల విషయాల మీద నోట్లు రాయడమే నా పని. ఆ అలవాటు పోక, గత పన్నెండు పదమూడేళ్లుగా ఒక మనిషి గురించి దొరికిన సంగతులన్నీ రెండు వందల పేజీల నోటు పుస్తకంలో ఎక్కించుకుంటూ వస్తున్నాను. ఆయన పేరు గురు బిపిన్ సింగ్. మణిపురి నృత్యానికి గురువు.

"మనకు కూచిపూడి ఉండగా మణిపురి ఎందుకయ్యా?" అని మీలో కొందరు అడగవచ్చు. మా ఇంట్లో కూడా అదే అడిగారు. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

టీవీలో చూసినది, గుడిలో చూసినది

మణిపురి నృత్యం నేను మొదట చూసింది 1980లలో, దూరదర్శన్ జాతీయ కార్యక్రమంలో. మాకు అప్పటికి టీవీ లేదు. పక్కింటివారి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నాం. పీపాలాగా గుండ్రంగా, బిర్రుగా నిలబడ్డ పావడా, ముఖం మీద పల్చటి తెల్లటి ముసుగు వేసుకున్న అమ్మాయిలు నీళ్ల మీద దీపాలు తేలినట్టు అటూ ఇటూ కదులుతున్నారు. కాళ్లకు గజ్జెల్లేవు. అడుగు చప్పుడు లేదు. "ఇదేమి నాట్యమండీ, కాలు నేలకు తగిలినట్టే లేదు" అంది మా ఆవిడ. నాకు నిద్ర వచ్చింది. ఉన్నమాట చెప్పాలి కదా.

మళ్లీ చూడటానికి పాతికేళ్లకు పైనే పట్టింది. 2012లో మా చిన్నల్లుడికి ఇంఫాల్ బదిలీ అయింది. కార్తీక మాసంలో మేమిద్దరం వెళ్లాం. అమ్మాయి వాళ్లు అద్దెకున్న ఇంటి యజమాని కూడా మనలాగే పెన్షనరు, స్కూలు మాస్టరుగా చేసి దిగినాయన. కార్తీక పౌర్ణమి నాడు ఆయనే మమ్మల్ని గోవిందజీ గుడికి తీసుకెళ్లాడు.

గుడికి ఎదురుగా పెద్ద మండపం. స్టేజీ అంటూ ఏమీ లేదు. నలుగురూ నేల మీద చుట్టూ కూర్చుంటే, మధ్య ఖాళీలోనే అంతా జరుగుతుంది. ముందు మగవాళ్లు వచ్చారు. తెల్లటి పంచెలు, తెల్లటి తలపాగాలు. కొందరి మెడలో 'పుంగ్' అనే మద్దెల, మిగతావారి చేతుల్లో కంచు తాళాలు. గోవిందుణ్ణి, చైతన్య ప్రభువును కీర్తిస్తూ పాడారు, వాయించారు, వాయిస్తూనే గాలిలోకి ఎగిరి తిరిగారు. దీన్ని నట సంకీర్తన అంటారు. ఆ తర్వాత మొదలైంది మహారాస. కృష్ణుడి వేషం ఒక చిన్న పిల్లవాడిది. రాధ కూడా చిన్నపిల్లే. చుట్టూ గోపికలు. ఒక పక్కన కూర్చుని పాడే స్త్రీలు. మన పోతనగారి భాగవతం దశమ స్కంధంలో ఉన్న రాసలీలే. కృష్ణుడు రావడం, మాయం కావడం, గోపికలు వెతుక్కుంటూ ఏడవడం, మళ్లీ ఆయన దొరకడం, చివరికి హారతి. రాత్రంతా సాగింది.

చప్పట్లు లేవు. మధ్య మధ్యలో ఎవరో ఒకరు లేచి వెళ్లి, నాట్యం చేస్తున్నవారి ఎదుట సాష్టాంగపడి, డబ్బో గుడ్డో సమర్పించి వచ్చి కూర్చుంటున్నారు. మా పక్కన కూర్చున్న మాస్టారు కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు భాష తెలియదు. అయినా నిద్ర రాలేదు.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ తాళాలవాళ్లు వలయంగా తిరుగుతుంటే నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు. ఆ సంగతి చివర చెబుతాను.

మర్నాడు టీ తాగుతూ మాస్టారిని అడిగాను. "ఇది మీ గుడిలో జరిగే సేవ కదా, ఢిల్లీ టీవీదాకా ఎలా వెళ్లింది?" ఆయన చాలామంది గురువుల పేర్లు చెప్పారు. ఆ పేర్లలో ఒకటి బిపిన్ సింగ్. "ఆయన పుట్టింది ఇక్కడ కాదు, కాచార్‌లో" అన్నారు. మణిపురి గురువు మణిపూర్ బయట ఎందుకు పుట్టాడు? నా నోటు పుస్తకంలో మొదటి పేజీ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

రాజు కన్న కల, ప్రజలు పడ్డ కష్టం

ఆ సంగతి తెలియాలంటే రెండు వందల యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. పద్దెనిమిదో శతాబ్దంలో మణిపూర్‌ను భాగ్యచంద్ర మహారాజు ఏలాడు. ఆయన అసలు పేరు చింగ్‌థాంగ్ ఖోంబా. బర్మా సైన్యాల ధాటికి రాజ్యం పోగొట్టుకుని, అస్సాంలో అహోం రాజుల దగ్గర తలదాచుకుని, మళ్లీ రాజ్యం సంపాదించుకున్న మనిషి. కృష్ణుడు కలలో కనిపించి, పనస చెట్టు కలపతో తన విగ్రహం చేయించమన్నాడని, రాసలీల రూపం కూడా కలలోనే చూపించాడని అక్కడివారి నమ్మకం. 1779లో లాంగ్‌థబాల్‌లో మొదటి మహారాస జరిగింది. అందులో రాధగా నర్తించినది రాజుగారి సొంత కూతురు బింబావతి. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

భాగ్యచంద్రుడు ఏమీ లేని చోట నృత్యం పుట్టించాడని కాదు. అంతకు ముందే ఆ లోయలో 'లాయి హరావోబా' అని గ్రామదేవతల కొలువు ఉంది. అందులో 'మాయిబీలు' అనే పూజారిణులు నర్తిస్తారు. మన ఊళ్లలో జాతర్లలాగా అనుకోండి. ఆ పాత కదలికల మీద వైష్ణవ భక్తి వచ్చి కూర్చుంది. రాసలో 'భంగి పరేంగ్' అనే నాట్య వరుసలు కూర్చారు. అవి దేవుడికి సమర్పించినవి కనుక వాటిలో ఒక్క అడుగు కూడా మార్చకూడదని నియమం.

అలా సాగుతుండగా 1819లో బర్మావాళ్లు మళ్లీ వచ్చిపడ్డారు. 1826 దాకా ఏడేళ్లు. మణిపూర్ చరిత్రలో దీన్ని 'ఏడేళ్ల విధ్వంసం' అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం కొండలు దాటి కాచార్, సిల్హెట్, త్రిపురలకు పారిపోయారు. చాలామంది అక్కడే స్థిరపడ్డారు. భూములు పోయాయి, ఇళ్లు పోయాయి. వెంట వచ్చింది దేవుడు, పాట, మద్దెల. కొత్త ఊళ్లోనూ ముందు ఒక మండపం కట్టుకుని అందులోనే సంకీర్తన, రాస కొనసాగించారు.

మణిపురి నృత్యం ప్రపంచానికి తెలియడం మొదలైంది కూడా ఇలా బయటికి వచ్చిన ఊళ్ల నుంచే. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ సిల్హెట్ వెళ్లినప్పుడు అక్కడి మణిపురి పల్లెలో ఈ నాట్యం చూసి ముగ్ధుడయ్యారు. త్రిపుర నుంచి బుద్ధిమంత సింగ్ అనే గురువును శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. మంచి కుటుంబాల ఆడపిల్లలు నాట్యం చేయడం తప్పని అనుకునే రోజులవి. భక్తితో కూడిన ఈ నాట్యం ఆ అపవాదుకు అందలేదు.

కాచార్ కుర్రవాడు

బిపిన్ సింగ్ గారు 1918 ఆగస్టు 23న కాచార్ జిల్లాలోని సింగారి అనే పల్లెలో పుట్టారు. ఈ జిల్లా ఇప్పటి అస్సాం రాష్ట్రంలో ఉంది. వారిది బిష్ణుప్రియ మణిపురి కుటుంబం. చిన్నతనంలోనే పాట, ఆట ఊరి మండపంలో అబ్బాయి. తరువాత మణిపూర్ వెళ్లి గురు అముదోన్ శర్మ వంటి పెద్దల దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నారు.

ఆ తరం గురువుల గురించి ఒక్క మాట చెప్పాలి. అముబీ సింగ్, అతోంబా సింగ్, అముదోన్ శర్మ - ఈ ముగ్గురి పేర్లూ మణిపురి నృత్యం గురించి ఎవరు రాసినా ముందు వస్తాయి. అముబీ సింగ్ గారు ఉదయ్ శంకర్ అల్మోరాలో నడిపిన కేంద్రంలో కూడా నేర్పారు. వీరి దగ్గర ఉన్నది అచ్చు పుస్తకం కాదు. వందల పాటలు, మద్దెల పలుకులు, నాలుగు మాత్రల నుంచి అరవైకి పైబడిన మాత్రల దాకా తాళాలు, అన్నీ కంఠస్థం. ఆఫీసు భాషలో చెప్పాలంటే రికార్డు రూమంతా ఆ ముసలి గురువుల తలల్లోనే ఉంది. వారితో పాటే పోతుందేమోనన్న భయం బిపిన్ సింగ్ గారికి చిన్న వయసులోనే పట్టుకున్నట్టు ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

బొంబాయిలో నలుగురు అక్కచెల్లెళ్లు

యువకుడిగా ఆయన బొంబాయి చేరారు. కాచార్ పల్లె ఎక్కడ, బొంబాయి ఎక్కడ! అక్కడ 1940లలో ఒక గుజరాతీ ఇంట్లో పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఇంటి పేరు ఝవేరి. ముందు నయన, రంజన నేర్చుకున్నారు. అక్కలు నేర్చుకుంటుంటే చూసి, 1940లో పుట్టిన చిన్నపిల్ల దర్శన కూడా ఆరేళ్ల వయసుకే అడుగు కలిపింది. సువర్ణ కూడా చేరింది. ఈ నలుగురే తరువాత దేశమంతా, విదేశాల్లో పేరు తెచ్చుకున్న ఝవేరి సోదరీమణులు.

ఇక్కడ గురువుగారికి వచ్చిన చిక్కు ఏమిటో ఆలోచించండి. మన కూచిపూడి తెలిసినవారికి ఇది బాగా అర్థమవుతుంది. మనకు అరమండి వేసి, పాదం గట్టిగా తట్టి, గజ్జెలు మోగించి, కళ్లు, కనుబొమలు తిప్పి అభినయం పట్టడం అలవాటు. మణిపురి రాసలో ఇవేవీ పనికిరావు. మోకాళ్లు దగ్గరగా పెట్టి కొద్దిగా వంచాలి. పాదం మెత్తగా ఆనాలి. నడుము, చేతులు ఎనిమిది అంకె తిరిగినట్టు ఒక కదలికలోంచి మరో కదలికలోకి జారిపోవాలి. ఎక్కడా తెగకూడదు. ముఖం ప్రశాంతంగా ఉండాలి. దేవుడి ఎదుట నిలబడ్డవాళ్లు జనం వంక చూసి కళ్లు తిప్పరు కదా. ఇదంతా మణిపురి పిల్లలు తల్లి ఒళ్లో కూర్చుని చూసి నేర్చుకుంటారు. బొంబాయి పిల్లలకు ఆ మండపం లేదు. మాటకు మాట, అడుగుకు అడుగు విడదీసి చెప్పాలి. విడదీసి చెప్పాలంటే ముందు చెప్పేవాడికి స్పష్టంగా తెలియాలి. మన ఆఫీసులోనూ అంతే కదా. కొత్తగా చేరిన కుర్రవాడు "ఈ రిజిస్టరు ఎందుకు సార్?" అని అడిగినప్పుడే మనకూ దాని సంగతి సరిగ్గా తెలిసేది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. గుడిలో రాస రాత్రంతా నడుస్తుంది. అందరూ కలిసి చేసేది. ఒక్కరు ముందుకు వచ్చి మెప్పించే నాట్యం కాదు. బొంబాయి హాల్లో రెండు గంటలే టైము. ప్రేక్షకుడు టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చుంటాడు. పది నిమిషాల అంశాలు కావాలి, ఒక్కరే చేసేవి కూడా కావాలి. మార్చకపోతే ఎవరూ చూడరు. మార్చితే గుడి వారికి కోపం.

బిపిన్ సింగ్ గారు చేసినది ఇది. దేవుడికి సమర్పించిన భంగి పరేంగ్‌ల జోలికి పోలేదు, వాటిని ఉన్నవి ఉన్నట్టే నేర్పారు. వాటి పక్కన స్టేజీ కోసం కొత్తవి కూర్చారు. జయదేవుడి అష్టపదులు, విద్యాపతి, చండీదాసు పదాలు తీసుకుని అభిసారిక, ఖండిత వంటి నాయికల మీద విడి నృత్యాలు చేశారు. పాత సంగీత శాస్త్రాల్లో పేర్లు మాత్రమే మిగిలిన 'ప్రబంధాలు' వెదికి, వాటికి నాట్యం కట్టారు. మగవారి తాండవాన్ని, మద్దెల విన్యాసాన్ని కూడా స్టేజీ మీదకు తెచ్చారు. అన్నిటికీ అడుగు, తాళం, నడక మాత్రం గుడిలోవే. ఎక్కడి నుంచి ఏది తీసుకున్నామో చెప్పగలిగేలా చేయడం ఆయన పద్ధతి. మనం ప్రతి నోటు కిందా "రిఫరెన్సు ఫలానా పేజీ" అని రాసేవాళ్లం చూడండి, అలాగన్నమాట.

రాసుకున్న గురువు

నాకు ఆయన మీద గౌరవం కలిగింది అసలు ఇక్కడే. ఆయన నాట్యం కట్టడంతో ఆగలేదు. గురుశిష్యులు కలిసి మళ్లీ మళ్లీ మణిపూర్ వెళ్లారు. ఆ రోజుల్లో రైలు దిమాపూర్ దాకానే. అక్కడి నుంచి ఇంఫాలుకు ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. అలా వెళ్లి పాత గురువుల దగ్గర, పాటలు పాడే పెద్ద ముత్తైదువుల దగ్గర, మద్దెలవారి దగ్గర కూర్చున్నారు. పాటలు, తాళాలు, మద్దెల పలుకులు, అడుగుల వరుసలు రాసుకున్నారు. బెంగాలీలో, సంస్కృతంలో ఉన్న వైష్ణవ సంగీత శాస్త్ర గ్రంథాలతో పోల్చి చూశారు. భాగ్యచంద్ర మహారాజు పేరు మీద ఉన్న 'గోవింద సంగీత లీలా విలాసం' వంటి గ్రంథాలు చదివి, గురువుల నోటి మాటకు శాస్త్రం ఎక్కడ సరిపోతున్నదో చూసుకున్నారు.

మన తెలుగుదేశంలో ఈ పని విలువ తెలిసినవారు లేకపోలేదు. నటరాజ రామకృష్ణ గారు గుళ్లలో నర్తించిన వృద్ధ కళాకారిణుల దగ్గరకు వెళ్లి ఆంధ్రనాట్యాన్ని, రామప్ప గుడి శిల్పాలు చూసి పేరిణిని నిలబెట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, పల్లె కళను పెద్ద స్టేజీకి తగ్గట్టు తీర్చారు. కాచార్ నుంచి వచ్చిన బిపిన్ సింగ్ గారిలో ఈ రెండు పనులూ ఒకే మనిషి చేసినట్టు నాకు తోచింది.

ఈ కష్టానికి మెచ్చుకోలు ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచే వచ్చింది. ఝవేరి సోదరీమణులకు ఇంఫాల్ రాజప్రాసాద ప్రాంగణంలోని గోవిందజీ గుడిలో నర్తించే అవకాశం దొరికింది. మణిపూర్ బయటివారికి ఆ గుడిలో అలాంటి అవకాశం దొరకడం అదే మొదలు. గుజరాతీ ఆడపిల్లలు, బొంబాయిలో పెరిగినవారు, ఎవరి భాష వారిది. ఎంతో మడి ఉన్న ఆ గుడిలో వారిని గోపికలుగా ఒప్పుకున్నారంటే, నేర్పినవాడు దొంగ సరుకు నేర్పలేదని గుడి సంతకం పెట్టినట్టే. బిపిన్ సింగ్ గారికి 1966లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం వారి కాళిదాస్ సమ్మాన్ కూడా వచ్చింది. నా దృష్టిలో వాటికంటే ఆ గుడిలో దొరికిన ఒప్పుకోలే పెద్దది.

1972లో గురువుగారు, ఝవేరి సోదరీమణులు, కళావతీ దేవి గారు కలిసి 'మణిపురి నర్తనాలయ' అనే సంస్థను స్థాపించారు. ఇంఫాల్, బొంబాయి, కలకత్తా మూడు చోట్లా నడిపారు. అదే ఏడాది జనవరి 21న మణిపూర్‌కు పూర్తి రాష్ట్ర హోదా వచ్చింది. మూడు ఊళ్లలో పెట్టడంలో ఒక తెలివి ఉందనిపిస్తుంది నాకు. ముఖ్యమైన కాగితం మూడు కాపీలు తీసి మూడు ఫైళ్లలో పెట్టేవాళ్లం మనం. ఒకటి చెదపురుగుల పాలైనా రెండు మిగులుతాయి.

కళావతీ దేవి గారు ఆయనకు శిష్యురాలు, సహధర్మచారిణి. ఆమె కూడా పేరున్న నర్తకి, గురువు. వారి అమ్మాయి పేరు బింబావతి. 1779లో మొదటి రాసలో రాధగా నిలబడ్డ రాకుమారి పేరే! ఈ బింబావతి గారు కూడా మణిపురి నర్తకిగా, కొత్త రూపకాలు కూర్చేవారిగా పేరు తెచ్చుకున్నారు. పేరు పెట్టేటప్పుడు ఆ తండ్రి మనసులో ఏముందో ఊహించుకోవడం కష్టం కాదు.

గురు బిపిన్ సింగ్ గారు 2000 జనవరి 9న కలకత్తాలో కన్నుమూశారు. ఎనభై రెండో ఏడు. ఆయన వెళ్లిన రెండేళ్లకు, 2002లో, దర్శన ఝవేరి గారికి పద్మశ్రీ వచ్చింది. తరువాత సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ కూడా ఇచ్చారు. అక్కల వెనక నిలబడి ఆరేళ్లకు అడుగు కలిపిన ఆ చిన్నపిల్లే. 2013లో మణిపూర్ సంకీర్తనను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏడాదే నేను ఆ మండపంలో కూర్చుని చూసినది అదే.

మామ అడిగిన మాట

ఇప్పుడు మొదట్లో ఆపిన సంగతి చెబుతాను.

మాది కడప జిల్లాలో ఒక పల్లె. మా మేనమామ చెక్కభజన, కోలాటం నేర్పే గురువు. చదువు మూడో తరగతి. శ్రీరామనవమి వస్తే చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు ఆయన కోసం బండి కట్టుకుని వచ్చేవాళ్లు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతిలో చెక్కలు పట్టుకుని రామాలయం ముందు వలయంలో దిగితే ఆ బక్క మనిషి మరో మనిషైపోయేవాడు. ఒక్కొక్క కోపుకు ఒక్కొక్క పేరు. ఏ పాటకు ఏ కోపు, ఎక్కడ ఎన్ని అడుగులు, ఎక్కడ తిరుగుడు, అన్నీ నోట్లోనే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఊరికి పోతే అడిగాడు. "అబ్బీ, నువ్వు ఆపీసులో రాతపని చేస్తాండావంట గదా. ఇవన్నీ నేను చెప్తా, ఒక పుస్తకంలో రాసిపెట్టరా. మా పిల్లోళ్లకు ఇది పట్టడం లేదు. నేను పోతే ఇది గూడా నాతోనే పోతాది." నేను "అట్నే మామా, వచ్చే సెలవులకు" అన్నాను. వచ్చే సెలవులకు అక్క పెళ్లి. ఆ పై సెలవులకు డిపార్టుమెంటు పరీక్షలు. తరువాత బదిలీ. ఆయన రెండోసారి అడగలేదు. పల్లెలో అడగడం అంటే ఒక్కసారే. 1979లో మామ పోయాడు. దినాలకు వెళ్లినప్పుడు చూరు కింద ఆ చెక్కలు వేలాడుతున్నాయి. పిల్లలు ఆడుకుంటున్నారు.

ముప్పయ్యారేళ్లలో నేను ఎన్ని వేల పేజీలు రాసి ఉంటాను! ఎవరి సెలవు, ఎవరి ఇంక్రిమెంటు, ఎవరి మీద ఎంక్వయిరీ, అన్నీ రాశాను. మా ఇంటి మనిషి నోరు తెరిచి అడిగిన ఇరవై పేజీలు రాయలేదు. ఇందులో ఆఫీసు తప్పు లేదు, రోజుల తప్పు లేదు. నాదే తప్పు. ఇంఫాలు మండపంలో తెల్ల తలపాగాలవాళ్లు తాళాలతో వలయం తిరుగుతుంటే, పక్కన మాస్టారు భక్తితో కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకున్నది మాత్రం వేరే కారణానికి.

బిపిన్ సింగ్ గారి జీవితం మీద ఇంత శ్రద్ధ ఎందుకని మా ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. నేను చేయనిది ఆయన చేశాడు. పారిపోయి వచ్చినవారి పల్లెలో పుట్టి, పెద్దల దగ్గర ఉన్నది అడిగి రాసుకుని, తన వాళ్లు పరాయివాళ్లు అని చూడకుండా నేర్చుకుంటామన్నవారి చేతిలో పెట్టి వెళ్లాడు. పదవీ విరమణ రోజున మనం చార్జి లిస్టు రాసి, ఐటమ్ బై ఐటమ్ సరిచూసి, వచ్చినవాడి చేత సంతకం పెట్టించుకుని కుర్చీ దిగుతాం. ఆయన ఒక కళ మొత్తానికి అలా చార్జి అప్పగించి దిగిన మనిషి.

ఇప్పుడు మా అమ్మాయి వాళ్లు ఇంఫాలులో లేరు. 2015లోనే బదిలీ అయి వచ్చేశారు. 2023 మేలో అక్కడ మొదలైన ఘర్షణల్లో వేలాది కుటుంబాలు, లోయవారూ కొండవారూ కూడా, ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ వార్తలు చూసినప్పుడల్లా మాస్టారు గుర్తుకొస్తారు. ఫోను చేస్తే క్షేమమనే చెప్పారు. 1819లో ఇళ్లు వదిలిపోయినవారు మద్దెల వెంట తీసుకెళ్లారు కాబట్టే 1918లో ఒక బిపిన్ సింగ్ పుట్టాడని ఆయనకు గుర్తు చేశాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత "ఈసారి ఎవరూ పోనవసరం లేకుండా ఉంటే చాలు" అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేదు.

మిత్రులకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఇంట్లో అమ్మ పాడిన మంగళహారతో, నాన్నకు తెలిసిన నాటు వైద్యమో, తాత చెప్పిన ఊరి పూర్వకథో, మామ నేర్పిన కోపో, ఇప్పటికీ గుర్తున్నది ఏదైనా ఉంటే అది కూడా బతికి ఉందని ఒక కాగితం మీద రాయండి. అక్షరం బాగుండనవసరం లేదు. మనవడి చేత ఫోనులో రికార్డు చేయించినా సరే. మామ దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎనభై దాటినాయన ఒకరు పక్క ఊళ్లో ఉన్నారని మొన్న తెలిసింది. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి నేను నోటు పుస్తకం పట్టుకుని ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉండాలని నా కోరిక. ఈసారి వచ్చే సెలవులకు అనడానికి వీల్లేదు. మనకు ఇప్పుడు అన్నీ సెలవులే కదా.

శలవు.